నాలుగో రీలు

రెండూ ఇరవైకి డబ్బా మూత తీశారు. రెండూ ఇరవై ఒకటికి సీతాదేవిగారు కుర్చీలో కూలబడ్డారు. రెండున్నరకల్లా సెక్యూరిటీ సూపర్‌వైజర్ మొయినుద్దీన్ దొంగను పట్టుకుని స్టోర్‌రూములో పెట్టి తాళం వేశాడు. భూమేశ్ మస్కట్ శివార్లలోని రుసైల్ నుంచి టాక్సీలో వచ్చి క్లబ్బు గేటు ముందు దిగేసరికి మూడింటికి పది నిమిషాలుంది. కేసు అప్పటికే అయిపోయిందని మొయినుద్దీన్ ఎదురొచ్చి మరీ చెప్పాడు.

"చాయ్ తాగి పో భూమేశ్ భాయ్. చోర్ దొరికిండు."

"రీలు దొరికిందా మొయిన్ సాబ్?"

"రీలు దొరకలే. చోర్ దొరికిండు."

"రీలు లేని చోర్‌ను ఏం జేస్కుంటవ్?"

మొయినుద్దీన్ వాకీటాకీని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. జవాబు తోచనప్పుడు అతను చేసే పని అది. ఆ క్లబ్బు మొత్తానికి ఉన్నది ఒక్కటే వాకీటాకీ. దానితో అతను ఎవరితో మాట్లాడతాడో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

భూమేశ్ పోలీసూ కాదు, డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నవాడూ కాదు. మెట్‌పల్లి మనిషి. రుసైల్‌లో ఒక గోదాముకు స్టోర్‌కీపర్. పన్నెండేళ్ళలో అతని గోదాము నుంచి ఒక్క మేకు పోలేదు. ఆ పేరు పాకిపోయి, లేబర్ క్యాంపులో పాస్‌పోర్టు పోయినా, ఫ్లాటులో గొలుసు పోయినా, ఒకసారి సొహార్ వెళ్ళాల్సిన సిమెంటు లారీ లారీతో సహా పోయినా అతనికే కబురు వచ్చేది. మనుషులు చెప్పేది ఒక చెవితో వింటాడు. వాళ్ళు ఎన్ని గంటలకు చెప్పారో జేబు పుస్తకంలో రాసుకుంటాడు.

సీతాదేవిగారు లేచి వచ్చారు. భీమవరం ఆవిడ. స్కూల్లో లెక్కల టీచరు, ఇక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి.

"భూమేశ్ గారూ, ఏడింటికి షో అండీ. మూడొందల మంది వస్తున్నారు. నా పరువు మీ చేతుల్లో ఉంది."

విషయం ఇదీ. ఆ సాయంత్రం, అంటే 1990 మే నెలలో ఒక శుక్రవారం, మస్కట్ తెలుగువాళ్ళంతా కూర్చుని ఒక మూగ సినిమా చూడాలి. పేరు 'వజ్రాల పడవ'. తీసింది 1930లో, మద్రాసులో. దర్శకుడు కొల్లూరి గజపతిరావు. ఆరేళ్ళలో తొమ్మిది సినిమాలు తీసి, టాకీలు రాగానే ఆయన ఆ పని మానేసి కాకినాడలో గొడుగుల కొట్టు పెట్టుకున్నాడు. ఎనిమిది సినిమాలు ఎవరికీ దొరకలేదు. తొమ్మిదోది మాత్రం ఆ రోజుల్లోనే స్టీమరెక్కి మస్కట్ రేవు మత్రాకు వచ్చి, ఒక కచ్ఛీ వ్యాపారి గోదాములో ఖర్జూరం బుట్టల వెనక అరవై ఏళ్ళు పడుకుంది. మూడు నెలల కిందట గోడ కూలుస్తుంటే పెట్టె బయటపడింది. పెట్టె మీద 'ఏడు రీళ్ళు' అని ఉంది, లోపల ఏడూ ఉన్నాయి.

గజపతిరావు మనవడు రామ్మోహన్ మస్కట్‌లోనే ఇంజనీరు. అతనికి సన్మానం. ముప్ఫై రెండు పేజీల సంచిక అచ్చు వేశారు. అందులో ఇరవై ఒక్క పేజీలు రామ్మోహన్ రాసినవే, తాతగారి గురించి.

"ఇప్పుడు ఏడు డబ్బాల్లో ఆరు రీళ్ళు, ఒక పెనం ఉన్నాయండీ," అన్నారు సీతాదేవిగారు ఏడుపు గొంతుతో.

"ఏమున్నది?"

"పెనం. ఊతప్పం పెనం."

భూమేశ్ పుస్తకం తీశాడు.

రీళ్ళు పెట్టిన గది చిన్నది. ఏసీ గుర్రుమంటోంది. బల్ల మీద ఏడు రేకు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తలుపుకు దెబ్బ లేదు, కిటికీకి లోపల గడియ ఉంది. పదకొండున్నరకు ఆపరేటర్ మల్లేశం ఏడూ లెక్కపెట్టాడు. పన్నెండుకు సీతాదేవిగారు తాళం వేసి, తాళంచెవి తన ఆఫీసు గోడకు మేకుకు తగిలించారు. రెండూ ఇరవైకి మల్లేశమే అతుకులు చూసుకుందామని డబ్బాలు తెరిచాడు.

"తాళంచెవి అక్కడుందని ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మల్లేశానికి, వంటావిడ రాజేశ్వరికి, రామ్మోహన్ గారికి. మధ్యాహ్నం ఇక్కడున్నది మేం నలుగురమే. ఇక మొయినుద్దీన్ గారు."

భూమేశ్ నాలుగో డబ్బాను చేతుల్లో పైకీ కిందికీ ఆడించి చూశాడు. తర్వాత ఐదో డబ్బాను. రెండూ ఒకే బరువు. ఖాళీ అని తెలియకూడదని పెనం పెట్టారన్నమాట.

"పైన మూడు డబ్బాలు ఎత్తి పక్కన పెట్టి, మధ్యలది తీసిండు. మళ్ళ మూడూ పైన పేర్చిండు. మొయిన్ సాబ్, దొంగకు తొందరుంటె పైది తీస్తడు గదా?"

"వాని మర్జీ!"

"మర్జీ గాదు. వానికి నాలుగోదే గావాలె."

పెనం ఇనుపది, పిడి ఎప్పుడో ఊడిపోయింది. డబ్బా అడుగున అతికించిన పాత కాగితం గుండ్రంగా గోధుమరంగుకు మాడింది. భూమేశ్ పెనాన్ని తిరగేశాడు. అంచున అంటుకుని ఏదో మెరిసింది. గోటితో గీకాడు. జరీ పోగు, ముడుచుకుపోయి నల్లబడింది.

"వేడి పెనం పెట్టిన్రు," అన్నాడు. "పిడి లేదు, చేత్తోటి పట్టరాదు. జరీ బట్టతోటి పట్టిండు. సీతమ్మ గారూ, ఏమనుకోకుండ్రి, మీ చీర అంచు ఒక్కసారి..."

సీతాదేవిగారు నివ్వెరపోయి కొంగు చూపించారు. అంచు నిక్షేపంగా ఉంది.

"షుక్రియా. మీరు గాదు."

"నేనని అనుకున్నారా!"

"అందర్ని అనుకుంట మేడమ్. పద్ధతి."

వంటింట్లో రాజేశ్వరి పచ్చిమిరపకాయలు చీరుతోంది. ఆర్మూర్ ఆవిడ. ఆమెకు సినిమాతో పేచీ లేదు, పెనంతోనే.

"నా పెనం నాకిస్తె నేను వొయ్యి పని జేస్కుంట భూమన్నా. ఏండ్ల సంది మరిగిన పెనం అది. దొంగ ముండాకొడుకు కొత్తది ఎత్కపోవద్దా?"

"ఎప్పుడు వోయిందక్కా?"

"రేడియోల బాంగు ఇనవడ్డది. అప్పుడే ఒక ఊతప్పం దించి, స్టవ్వు బందు పెట్టి, ఎనక ఫ్రిజ్జులకెల్లి మిరపకాయలు తెద్దామని వోయిన. వచ్చి చూస్తె లేదు. నేను గయ్యిన మొత్తుకున్న గదా, సీతమ్మ గారు ఉరికొచ్చిన్రు."

"పన్నెండూ ఇరవై," అన్నారు సీతాదేవిగారు. "గడియారం చూశాను."

నమాజుకు పిలిచే బాంగు పన్నెండూ పదికి. అంటే పది నిమిషాల్లో పని జరిగిపోయింది. ఆ పది నిమిషాల్లో కాపలా ఎవరిదో తెలుసుకోవడానికి భూమేశ్ గేటు దగ్గర రిజిస్టరు తెరిచాడు.

"అది సర్కారీ రిజిస్టర్! ముట్టొద్దు!" అని మొయినుద్దీన్ పరిగెత్తుకొచ్చాడు.

అప్పటికే భూమేశ్ పైకి చదువుతున్నాడు. "పన్నెండు గంటలు, ఆల్ ఓకే. ఒంటిగంట, ఆల్ ఓకే. రెండు, ఆల్ ఓకే. మొయిన్ సాబ్, నువ్వు పన్నెండుకు పది తక్కువకే జుమ్మా నమాజుకు వోయినవని మేడమ్ చెప్పిన్రు."

"తో ఏంది? నమాజు చదవద్దా?"

"చదువు. గని ఇప్పుడు మూడూ పది. ఇండ్ల ఆరు గంటల దాక ఆల్ ఓకే రాసి ఉన్నది."

వాకీటాకీ చేతులు మారింది.

"హ్యాండ్‌రైటింగ్ మంచిగ రావాలె అని... పొద్దున్నే కూసొని రాసిన," అన్నాడు మొయినుద్దీన్ నేల చూస్తూ.

స్టోర్‌రూము తలుపుకు పైన చిన్న జాలీ ఉంది. దాంట్లోంచి మల్లేశం ముఖం సగం కనిపిస్తోంది. రీళ్ళు లెక్కపెట్టిందీ, డబ్బాలు తెరిచిందీ అతనే గనక మొయినుద్దీన్ లెక్కలో దొంగా అతనే. యాభై అయిదేళ్ళు. ఒకప్పుడు సిరిసిల్ల దగ్గర టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఇప్పుడు మబేలాలో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. నెల రోజులుగా డ్యూటీ అయ్యాక వచ్చి, ఆ రీళ్ళను పసిపిల్లల్లా తుడిచి అతికించింది అతనే.

"తమ్మీ, మా క్యాంప్ బాస్‌కు ఫోన్ జేసిన్రట. నాలుగింటికి వస్తడట. వచ్చిండంటె రేపు టికెట్, ఎల్లుండి ఇంట్ల. పదిహేడేండ్ల సర్వీసు. దొంగ ముద్ర తోని వోతె మా ఇంటామె శాంతవ్వ మొహం ఎట్ల చూడాలె?"

"గా ముచ్చట నేను జూస్త కాకా. నాలుగో రీల్ల ఏమున్నది?"

మల్లేశం జాలీకి దగ్గరగా వచ్చాడు. "ఒక సీన్ల రాణి అద్దం ముంగట కూసుంటది. సీను అయిపోయినంక గూడ కెమెరా తిప్పుతనే ఉన్నరు. అద్దంల ఎనకున్నోళ్ళంత కనవడ్డరు. రామ్మోహన్ సారు బుధవారం సాయంత్రం వచ్చి, మా తాత యాడన్న కనవడ్తడా అని అడిగిండు. గిదిగో, గీ బొమ్మల గీయననే ఉన్నడు జూడుండ్రి సార్ అని భూతద్దం ఇచ్చిన. మస్తు సేపు చూసిండు. ఇంకెవరికన్న చూపెట్టినవా అన్నడు. లేదన్న. సిగరెట్ డబ్బా ఇచ్చి వోయిండు."

"నువ్వు సిగరెట్ తాగవు గదా?"

"తాగ. అందుకే నవ్వొచ్చింది." మల్లేశం గొంతు తగ్గించాడు. "తమ్మీ, దొంగతనం సంగతి అటు వెట్టు. అది పాత రకం ఫిలిం. ఏసీల లేకుంట మస్తు వేడి తగిలిందనుకో, నిప్పు దానంతట అదే పుడ్తది. నీళ్ళు వోసినా ఆరది. యాడ వెట్టిండో ఏమో."

భూమేశ్ తల తిప్పి కిటికీలోంచి చూశాడు. బయట నలభై ఆరు డిగ్రీలు. నీడలేని పార్కింగులో ఒకే ఒక్క కారుంది. తెల్ల కరోలా.

రామ్మోహన్ మేకప్ గదిలో అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లిస్తున్నాడు. కోటు వేసుకున్నాడు. బల్ల మీద పళ్ళెంలో కొబ్బరికాయ, పూలదండ, మడతపెట్టిన జరీ శాలువా ఉన్నాయి.

"సార్, సన్మానం శాలువా శాన మంచిగున్నది," అంటూ భూమేశ్ దాన్ని తీసి విప్పాడు. మధ్యలో, సరిగ్గా ఊతప్పమంత మేర, గుండ్రంగా కాలిన మచ్చ.

రామ్మోహన్ ఉపన్యాసం 'ఆంధ్రదేశపు తొలి కళామూర్తి' దగ్గర ఆగిపోయింది.

"అది... ఇస్త్రీ చేస్తుంటే..."

"ఇస్త్రీ పెట్టె గుండ్రంగ ఉండది సార్. మీ కారు డిక్కీల ఏమున్నది?"

"ఏం లేదండీ. సాయంత్రం బజ్జీలకని స్టవ్వు, గ్యాస్ సిలిండరు..."

భూమేశ్ మిగతాది వినలేదు. రామ్మోహన్ కోటు జేబులోంచి తాళంచెవులు తనే లాక్కుని పరిగెత్తాడు. కారు దగ్గర మొయినుద్దీన్ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఇంజనీర్ సాబ్ గాడీ! పర్మిషన్ లేకుండ ముట్టనియ్య!"

"మొయిన్ సాబ్, ఇండ్ల గ్యాస్ సిలిండర్ పక్కకు మందుగుండు ఉన్నది. పేలిందంటె రిజిస్టర్ల మూడున్నర కాడ ఆల్ ఓకే కొట్టేసి మళ్ళ రాయాలె."

మొయినుద్దీన్ చేతులు దించేశాడు. దించడమే కాదు, స్టోర్‌రూము తాళం తనే తీసి మల్లేశాన్ని పిలుచుకొచ్చాడు. డిక్కీ తెరవగానే పాత ఫిలింకుండే కర్పూరం వాసన గుప్పుమంది. సిలిండరును ఆనించి, తువ్వాల్లో చుట్టిన రీలు. మల్లేశం దాన్ని తాకి, "కాల్తుంది, కాల్తుంది," అంటూ గుండెకు హత్తుకుని ఏసీ గదిలోకి పరిగెత్తాడు. అతని వెనక భూమేశ్, భూమేశ్ వెనక మొయినుద్దీన్ ఇసుక బకెట్టుతో, అందరికంటే వెనక రామ్మోహన్ కోటు విప్పుకుంటూ.

పావుగంట గడిచింది. రీలు చల్లబడింది. అప్పుడు రామ్మోహనే నోరు తెరిచాడు.

"మా తాతయ్య పక్కలో పడుకుని పెరిగానండీ నేను. రోజూ ఒక కథ. ఏనుగును ఎలా నటింపజేశాడో, సముద్రంలో పడవ ఎలా తగలబెట్టించాడో. నేను ఎక్కడికెళ్ళినా ఆయన మనవణ్ణని చెప్పుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పాను." కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అద్దంలో చూస్తే, దర్శకుడి కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో మెగాఫోను. మా తాతయ్య వెనక నిలబడి ఆ అమ్మాయికి గొడుగు పట్టుకున్నాడు."

సీతాదేవిగారు సంచికలో ఇరవై ఒక్క పేజీలూ తిరగేసి మూసేశారు.

"పారేసెయ్యకపోయావా నాయనా? దాచడమెందుకు?"

"సముద్రంలో పడేద్దామనే తీశానండీ. చేతులు రాలేదు. అందులో తాతయ్య నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం, కదలడం ఉన్నది ఆ ఒక్క రీల్లోనే." మల్లేశం వైపు తిరిగి చేతులు జోడించాడు. "మిమ్మల్ని గదిలో పెట్టారని రెండున్నరకే తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. భయమేసింది. క్షమించండి."

మల్లేశం జేబులోంచి మూత విప్పని సిగరెట్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "మొదలు మా క్యాంప్ బాస్‌కు చెప్పుండ్రి సార్," అన్నాడు.

రామ్మోహన్ చెప్పాడు. తర్వాత మొయినుద్దీన్ కూడా ఫోను తీసుకుని పొరపాటైందన్నాడు. శుక్రవారం పూట నిద్ర చెడగొట్టినందుకు క్యాంప్ బాస్ అరబీలో తిట్టిన తిట్లు గదిలో అందరికీ వినిపించాయి. అర్థం మాత్రం మొయినుద్దీన్‌కు ఒక్కడికే తెలిసింది.

"ఇంతకీ ఆ పోరి ఎవలు?" అన్నాడు భూమేశ్.

మల్లేశం ఫిలిం ముక్కను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టాడు. భూతద్దంలోంచి ఒక్కొక్కరే చూశారు. పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్ల. ఒక కాలు మడిచి కుర్చీలో వేసుకుని, ఎడమచేత్తో ఎవరినో వేలెత్తి చూపిస్తూ, కింది పెదవి ముందుకు పెట్టి తిడుతోంది. చూపిస్తున్న చేతికి చిటికెనవేలు వంకర.

ఆఖర్న మొయినుద్దీన్ వంగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. వాకీటాకీ చేతులు మారలేదు, నేల మీద పడింది.

"ఏమైంది సాబ్?"

"ఈ తిట్టుడు నాకు తెల్సు," అన్నాడు మొయినుద్దీన్ హీనస్వరంతో. "రోజు సుబహ్ నాష్తా కాడ నన్ను ఇట్లనే తిడ్తది. గిదే కాలు, గిదే వేలు. భూమేశ్ భాయ్, ఈమె మా నానీ, మా అమ్మకు అమ్మ."

మొయినుద్దీన్ ఫ్లాటు క్లబ్బు వెనక వీధిలోనే. నాలుగూ పదికి నలుగురు మగవాళ్ళు ఆ ఇంట్లో వరసగా నిలబడ్డారు. మంచం మీద ఒక ముసలావిడ కాలు మడుచుకుని కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. సర్వరీ బేగం. ఎనభై ఏళ్ళు. రెండు నెలల కిందట హైదరాబాదు నుంచి విజిట్ వీసా మీద వచ్చింది.

భూమేశ్ మాట్లాడకుండా ఫిలిం ముక్కను, భూతద్దాన్ని ఆమె చేతికిచ్చాడు. ఆమె కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. వక్కలు ఒళ్ళోంచి జారిపోయాయి.

"గజపతి గొడుగు సరిగ్గ పట్టలే. చూడు, నా మొహం మీద ఎండ పడ్తుంది."

రామ్మోహన్ ముందుకొచ్చాడు. "ఆయన... మా తాతయ్యండీ."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "షరీఫ్ ఆద్మీ బేటా, పెద్దమనిషి. నేను పర్దా ఇంటి పిల్లను, ఇంట్లకెల్లి పారిపోయి మద్రాస్ వచ్చిన. పేరు పెడ్తె మా అన్నలు నరికేస్తరు. నా పేరు పెట్టుకో అన్నడు గజపతి. ఐదు సినిమాలు నేను తీసిన. పేపరోళ్ళ తిట్లన్ని ఆయన తిన్నడు."

"మిగతా నాలుగూ?" రామ్మోహన్ అడిగాడు.

"ఆయనే తీసిండు. ఎందుకు తీసిండో ఖుదాకే తెల్వాలె."

రామ్మోహన్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నాలుగు సినిమాలు మిగిలాయి. చెడ్డవే కావచ్చు, కానీ తాతయ్యవే.

"నానీ, నాకు ఒక్క ముక్క చెప్పలే!" అన్నాడు మొయినుద్దీన్. "డబ్బాలు దొరికినయి అని ఉత్తరం రాసింది నేనే గదా!"

"అందుకే వచ్చిన. నీ కోసం వచ్చిన అనుకున్నవా?" ఆమె భూమేశ్ వైపు తిరిగింది. "ఎన్ని రీళ్ళున్నయి మీ కాడ?"

"ఏడూ ఉన్నయమ్మా. మొత్తం సినిమా."

"ఏడు కాదు, ఎనిమిది. పెట్టె మీద ఏడు అని అబద్ధం రాసింది నేనే." అడకత్తెరను పక్కన పెట్టింది. "ఆఖరి సీను తీసే రోజు వెనక గోదాముల మా పాత సినిమాలన్ని కాలిపోయినయి. హాద్సా, అనుకోకుండ అంటుకున్నది అన్నరు అందరు. కాదు. కెమెరా అప్పుడు గోదాము దిక్కే ఉండె. కిరసనాయిలు డబ్బతోటి లోపలికి పోయి, ఉత్త చేతులతోటి ఉరికొచ్చినోడు, సాఫ్‌గ పడ్డడు. ఆ రీలు ఎవ్వరికి ఇయ్యలే. నా వెంటనే ఉంచుకున్న."

"ఇప్పుడు యాడున్నదమ్మా?"

"మంగళవారం దాక ఈ మంచం కింద ట్రంకుల ఉండె."

మొయినుద్దీన్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "మా ఇంట్ల దొంగతనం అయిందా? సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇంట్ల?"

భూమేశ్ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "ఎన్ని గంటలకు?"

"అసర్ నమాజుల ఉన్న. నాలుగూ యాభై. ఇంట్ల ఎవ్వరు లేరు. ట్రంకు గడియ చప్పుడు ఇనవడ్డది. నమాజు తెంపలే. సలాం చెప్పి తిరిగి చూస్తె తలుపు దాటుతున్న వీపు కనబడ్డది. ముసలోడు, నా వయసోడు. కుడి కాలు ఈడుస్తుండు."

ఆమె అడకత్తెరను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు గోదాములకెల్లి ఉరికొచ్చినోని మీద మండే దూలం పడ్డది బేటా. కుడి కాలు మీద."